నల్ల రేణువు వెంట

పొగడ్త నిలవాలంటే ముందు పగవాడి బలం చెప్పాలి. రావణుడి పది తలలూ వర్ణించాకే కదా మన కథకులు రాముడి బాణం దాకా వచ్చేది. అందుకే మొదటి మాట నీతోనే, చలిజ్వరమా!

నడివేసవి మిట్టమధ్యాహ్నం మనిషి చేత మూడు కంబళ్లు కప్పించినదానివి నువ్వు. మంచం కోళ్లు టకటకలాడేలా వణికించి, ఆ వణుకు తగ్గీ తగ్గకముందే ఒళ్లంతా మంటలు రేపి, ఆఖరికి పక్కబట్టలు తడిసి ముద్దయ్యేలా చెమట పట్టించి వదిలేదానివి. మర్నాడు ఏమీ ఎరగనట్టు ఊరుకునేదానివి. పీడ విరగడైందనుకుని రోగి లేచి నాగలి పట్టుకుంటే, ఆ మర్నాడు సరిగ్గా అదే వేళకు గడప దగ్గర ప్రత్యక్షమయ్యేదానివి. పిల్లల కడుపుల్లో బల్ల కట్టించినదానివి. కడుపుతో ఉన్న ఆడవాళ్ల ఒంట్లో నెత్తురు లేకుండా చేసినదానివి. మన్యానికి బదిలీ అనగానే మైదానపు ఉద్యోగి గుండెలో రాయి పడేలా చేసినదానివి. కత్తి దూయకుండానే సైన్యాలను పడకేయించినదానివి.

వేల ఏళ్లు నిన్ను ఎవరూ కంటితో చూడలేదు. చిత్తడి నేలల మీద నుంచి వీచే పాడుగాలిలో నువ్వుంటావని నమ్మారు. పొద్దు వాలగానే తలుపులు బిగించుకుని ఆ గాలిని తిట్టుకున్నారు. గాలికని వేసిన తలుపు దోమనూ ఆపింది కాబట్టి, తప్పుడు నమ్మకం కూడా కొన్ని ప్రాణాలు కాపాడింది. కానీ నిన్ను పట్టించలేదు.

నువ్వొక జాడ వదిలావు. ఆ జాడే నీ కొంప ముంచింది.

నీతో పోయినవాళ్ల దేహాలను కోసి చూసిన వైద్యులకు ప్లీహం నల్లబారి, మెదడు నల్లబారి కనిపించేవి. ఆ నలుపు ఎక్కడిదన్నది పంతొమ్మిదో శతాబ్దంలో పెద్ద ప్రశ్న. ఇప్పుడు జవాబు తెలుసు. ఎర్ర రక్తకణంలోకి దూరిన మలేరియా పరాన్నజీవి అక్కడి హిమోగ్లోబిన్‌ను తింటుంది. అందులోని ప్రొటీన్ అరుగుతుంది. ఇనుమున్న భాగం అరగదు, పైగా ఆ జీవికి అది విషం. అందుకని దాన్ని గట్టిపరిచి, నల్లటి రేణువులుగా మార్చి, తన ఒంట్లోనే ఒక మూల దాచుకుంటుంది. మన నెత్తురు మింగిన ప్రతి మలేరియా జీవీ దొంగసొత్తు గుర్తును తన మీదే మోసుకు తిరుగుతుంది.

ఈ పాట ఆ నల్ల రేణువు వెంట నడిచినవాళ్లది. ముగ్గురు ముందు నడిచారు: అల్జీరియాలో ఒకరు, సికింద్రాబాద్‌లో ఒకరు, బీజింగ్‌లో ఒకరు. 1880లో మొదలైన నడక 1971 దాకా సాగింది. ముగ్గురినీ నోబెల్ వరించింది. వాళ్లకు జోత. పతకం మీద పేరు పట్టక, వాళ్ల పక్కనే నిలబడిపోయినవాళ్లకూ జోత.

*

అయ్యా లావెరాన్! ఫ్రెంచి సైన్యంలో డాక్టరు మీరు, సైనిక వైద్యుడి కొడుకు మీరు. అల్జీరియాలోని కాన్‌స్టాంటిన్ పట్నంలో, సైనికాసుపత్రిలో, జ్వరాలతో పడి ఉన్న సైనికుల మధ్య మీ రోజులు గడిచాయి. ఇటలీలో ఇద్దరు పేరున్న శాస్త్రవేత్తలు చిత్తడి నేలల్లో ఒక బాక్టీరియాను పట్టుకుని, మలేరియాకు మూలం ఇదేనని అప్పటికే చాటేశారు. లోకం సరేనంది. మీరు మట్టినీ నీటినీ వదిలేసి రోగి నెత్తురు దగ్గర కూర్చున్నారు. ఎండబెట్టలేదు, రంగు అద్దలేదు. పచ్చి నెత్తుటి చుక్కను రెండు గాజు పలకల మధ్య పెట్టి, కన్ను ఆనించి, ఓపిగ్గా చూశారు.

1880 నవంబరు 6. రక్తకణాల మధ్య నెలవంక ఆకారాలు కొన్ని, గుండ్రటివి కొన్ని. వాటి లోపల నల్ల రేణువులు. ఆ నలుపు మీకు కొత్త కాదు. అది ఎక్కడ పుడుతుందో తేల్చాలనే మీరు బయలుదేరారు. చూస్తుండగానే ఒక గుండ్రటి దాని అంచు నుంచి సన్నని పోగులు పుట్టుకొచ్చాయి. విదిలిస్తూ, మెలికలు తిరుగుతూ, పక్కనున్న రక్తకణాలను నెట్టేస్తూ ఆడాయి. రేణువు ప్రాణం లేని పదార్థమే కావచ్చు. దాన్ని మోస్తున్నది మాత్రం బతికి ఉంది. రోగానికి ప్రాణం ఉంది!

ఆ పోగులు ఎందుకు ఆడాయో తెలిస్తే ఇవాళ్టికీ ఒళ్లు జలదరిస్తుంది. మనిషి ఒంట్లో ఉన్నంతసేపు ఆ మగ జీవి ముడుచుకునే ఉంటుంది. దోమ కడుపులో పడి, చుట్టూ ఉన్న నెత్తురు చల్లబడ్డాకనే విచ్చుకుని బీజాలను విడుస్తుంది. గాజు పలక మీద చల్లబడిన చుక్కను అది దోమ కడుపే అనుకుంది. కాన్‌స్టాంటిన్ ఆసుపత్రిలో, మీ కంటి ముందు, ఒక పరాన్నజీవి వేళ కాని వేళ, చోటు కాని చోట తన పెళ్లి మొదలుపెట్టింది. ఆ పెళ్లి జరగాల్సింది దోమ కడుపులోనని మీకు అప్పటికి తెలియదు. అది తెలియడానికి మరో పదిహేడేళ్లు పట్టింది. ఒక సికింద్రాబాద్ కావలసి వచ్చింది.

మీ మాట ఒక పట్టాన ఎవరూ నమ్మలేదు. మీరు వాదించలేదు, లెక్క చూపించారు. 192 మంది రోగుల నెత్తురు పరీక్షించి, 148 మందిలో అవే ఆకారాలున్నాయని రాశారు. ఆ ఆకారాల్లో అవే నల్ల రేణువులు. రోమ్ ఆసుపత్రికి వెళ్లి అక్కడి రోగుల్లోనూ చూశారు. మెల్లగా ఒక్కొక్కరే మీ సూక్ష్మదర్శిని దగ్గరకు వచ్చారు. 1907లో నోబెల్ బహుమతి మీ గడప తొక్కితే, అందులో సగం సొమ్ము పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉష్ణమండల రోగాల ప్రయోగశాలకు ఇచ్చేశారు.

చూసిన కంటికి జోత. ఇచ్చిన చేతికి జోత. జ్వరంతో వణుకుతూ, ఎందుకో ఏమిటో అడగకుండా వేలు చాచిన ఆ సైనికుడికి జోత.

*

రాస్ దొరా! మిమ్మల్ని పొగడడం అంత తేలిక కాదు. మీది నిలకడ లేని మనసు, దాపరికం లేని కోపం. అల్మోరాలో పుట్టారు. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి ఊరూరూ తిరిగారు. కవిత్వం రాశారు, నవలలు రాశారు, గణితంలో తలమునకలయ్యారు. వైద్యం మీకు చాలాకాలం జీతం తెచ్చే పని మాత్రమే. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ తన సూక్ష్మదర్శినిలో మీకు లావెరాన్ నెలవంకలు చూపించారు. దోమల మీద తనకున్న అనుమానం మీ చెవిన వేశారు. ఆ రోజుతో మీ తిరుగుళ్లన్నీ ఒక్క దారికి వచ్చాయి.

సికింద్రాబాద్‌కు వచ్చాక దోమలను కోయడం మొదలైంది. బూడిద రంగువి, చారలవి, దొరికినవన్నీ. రోగి మీద వదిలి, కుట్టించి, కొన్నాళ్లు బతికించి, సూదులతో చీల్చి, కడుపు బయటికి లాగి, పోగు పోగూ వెతకడం. ఏమీ లేదు. మళ్లీ వెతకడం. మళ్లీ ఏమీ లేదు. ఆ రకాల దోమలు మనిషి మలేరియాను మోయనే మోయవని మీకు చెప్పేవాళ్లు లేరు. లేని చోట రెండేళ్లు వెతికారు.

1897 ఆగస్టు, బేగంపేట. చిన్న గది, ఉక్కపోత. పంకా లాగనివ్వలేదు, కోసిన దోమ ఆ గాలికి ఎగిరిపోతుందని. చిన్న చిన్న ఈగలు కళ్లలో దూరుతున్నా లేవలేదు. నుదుటి చెమట కారి కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. కన్ను పెట్టి చూసే అద్దం పగిలింది, ఉన్నది అదొక్కటే. ఆ పగులులోంచే చూశారు.

అంతలో సీసాలో తెచ్చిపెట్టిన దోమపిల్లల నుంచి కొత్తరకం దోమలు లేచాయి. గోధుమరంగువి, రెక్కల మీద మచ్చలున్నవి. ఆగస్టు 16న వాటిని హుసేన్ ఖాన్ అనే రోగి పడుకున్న దోమతెరలోకి వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా కూలి.

హుసేన్ ఖాన్! ఇక్కడ కాసేపు నీ దగ్గర ఆగాలి. అందరూ దోమతెర కట్టుకునేది దోమ బయట ఉండాలని. నీకు కట్టింది దోమ లోపల ఉండాలని. జ్వరంతో ఉన్నవాడివి, చేయి విదల్చకుండా, చరచకుండా, గోక్కోకుండా పడుకున్నావు. నీ చర్మం మీద వాలిన ఆ పది దోమల్లో ప్రపంచ వైద్య చరిత్ర వాలి ఉందని నీకు తెలియదు, దొరకూ తెలియదు. పుస్తకాల్లో నీకు దక్కింది ఒక పేరూ, కొన్ని అణాలూ. ఈ పాటలో నీకు దక్కేది పీట. కూర్చో.

ఆగస్టు 20, మధ్యాహ్నం. దోమలు చాలావరకు అయిపోయాయి. కళ్లు అలిసిపోయాయి. చేతిలో ఉన్న దోమ కడుపు గోడ వెంట చూపు సాగుతోంది, చిన్న చిన్న కణాల వరస, ఎప్పుడూ చూసేదే. ఉన్నట్టుండి ఒక గుండ్రటి అంచు. సుమారు 12 మైక్రాన్ల వెడల్పు. దోమ కడుపులో ఉండే కణం అంత చిన్నది కాదు, అంత స్పష్టంగా ఉండదు. ఇంకొకటి. మరొకటి. మర తిప్పి చూపు సరిచేశారు. ఆ గుండ్రటి దాని లోపల, చిన్న గుంపుగా, నల్ల రేణువులు.

అవే! లావెరాన్ సైనికుడి నెత్తుటిలో చూసినవే, హుసేన్ ఖాన్ నెలవంకల్లో మీరు చూసినవే. మనిషి నెత్తురు తిన్న జీవి, మనిషిలో మూటగట్టుకున్న ఇనుప నలుపుతో సహా, దోమ కడుపు గోడలో కాపురం పెట్టింది. ఆ రేణువులే లేకపోతే అది ఏ కణమో, ఏ మచ్చో అనుకుని చూపు దాటిపోయేది. మర్నాడు ఆఖరి దోమను కోశారు. కణాలు నిన్నటికంటే పెద్దవయ్యాయి. ఎదుగుతున్నదంటే బతికి ఉన్నట్టే!

ఆ రాత్రి మీరు పద్యం రాసుకున్నారు. వెంటనే సర్కారు మిమ్మల్ని రాజపుతానాకు, మలేరియా పెద్దగా దొరకని ఖేర్వారాకు బదిలీ చేసింది. దొరికిన తాళంచెవిని చేతిలో పెట్టుకుని, తాళం లేని ఊళ్లో నెలల తరబడి గుటకలు మింగారు. ఆ తర్వాత కలకత్తా. మనుషుల మలేరియా వీలుపడకపోతే పిట్టల మలేరియా పట్టుకున్నారు. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు మీ వెంట ఉన్నాడు. 1898 జులై నాటికి దారి పూర్తయింది: దోమ కడుపులో కణం పండి పగులుతుంది, సన్నని పోగులు ఒళ్లంతా పాకుతాయి, చివరికి లాలాజల గ్రంథిలో చేరి, అక్కడి నుంచి కాటుతో పాటు కొత్త నెత్తుటిలోకి దిగుతాయి. గాలి కాదు, నీరు కాదు, మట్టి కాదు. దోమ కాటు. అంతే.

1902లో నోబెల్ మీకు వచ్చింది. ఇటలీలో గ్రాసీకి రాలేదు. మనిషి మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమేనని 1898లోనే సహచరులతో కలిసి నిరూపించిన మనిషి ఆయన. ఆయనతో మీ తగవు తెగనే లేదు. ఇప్పుడు మీ ఇద్దరూ లేరు, తగవు తీర్చే పని మాకూ లేదు. పతకం ఇరుకు, ఒకరు నిలబడితే ఇంకొకరికి చోటుండదు. పాటకు ఆ ఇరుకు లేదు. ఇద్దరూ రండి.

బేగంపేటలో మీరు పనిచేసిన ఆ ఇల్లు ఇప్పటికీ మీ పేరుతోనే ఉంది. ఆగస్టు 20ని ప్రపంచమంతా దోమల దినంగా పాటిస్తోంది. పగిలిన అద్దానికి జోత. కదలని చేతికి జోత. ఆ సీసాలో దోమపిల్లలను తెచ్చి పెట్టిన మనిషికి జోత.

*

జబ్బు జాడ దొరికింది. మందు?

కొయినా (క్వినైన్) చేదు నాలుకలకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ తర్వాత క్లోరోక్విన్ వచ్చింది. అది చేసేదీ మన రేణువు మీద పనే: ఇనుప శేషం గట్టిపడకుండా అడ్డుకుంటుంది, ఆ విషంతోనే పరాన్నజీవి చస్తుంది. కొన్నేళ్లు గెలిచినట్టే అనిపించింది. 1960ల నాటికి ఆగ్నేయాసియా అడవుల్లో క్లోరోక్విన్‌ను లెక్కచేయని మలేరియా పుట్టుకొచ్చింది. అప్పుడే వియత్నాం యుద్ధం. బాంబుల కన్నా ముందు జ్వరమే సైనికులను నేల కూలుస్తోంది. ఉత్తర వియత్నాం చైనాను సాయం అడిగింది. 1967 మే 23న బీజింగ్‌లో ఒక రహస్య పథకం మొదలైంది. ఆ తేదీనే దాని పేరు: ప్రాజెక్ట్ 523.

అమ్మా తూ యూయూ! 1969లో ఆ పని మీ చేతికి వచ్చేనాటికి మీకు నలభై నిండలేదు. అవి చదువుకున్నవాళ్లను అనుమానంగా చూసిన రోజులు, ప్రొఫెసర్లను పొలాలకు పంపిన రోజులు. మీ భర్తనూ పల్లెకు పంపేశారు. పెద్ద పిల్లను శిశుశాలలో వదిలారు, చిన్నదాన్ని నింగ్‌బోలో అమ్మానాన్నల దగ్గర వదిలారు. మలేరియా రోగులను కళ్లారా చూడడానికి హైనాన్ దీవి అడవులకు వెళ్లారు. చాన్నాళ్లకు తిరిగొచ్చిన అమ్మను కన్నపిల్ల గుర్తుపట్టలేదు. మందు ఖరీదు లెక్కగట్టేవాళ్లు ఆ చూపు ఖరీదు ఏ పద్దులో రాస్తారు?

పాత వైద్య గ్రంథాలు తిరగేశారు, పెద్ద వైద్యుల దగ్గర కూర్చున్నారు. రెండు వేల యోగాలు పోగేసి, అందులో 640 ఏరి పుస్తకం కుట్టారు. 200 మూలికల నుంచి 380 సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించారు. ఒకటి పనిచేయదు, పదీ పనిచేయవు, వందా పనిచేయవు.

అందులో ఒకటి చింగ్‌హావ్. ఈ మొక్క మనకు మరీ పరాయిదేం కాదు. వినాయక చవితి పత్రిపూజలో మొట్టమొదట పేరు వినిపించే మాచిపత్రీ, కనకాంబరాల మధ్య కట్టుకునే దవనమూ దీని దాయాదులే. ఆకు నలిపితే చేతికి అంటుకుని ఓ పట్టాన వదలని ఘాటు ఈ వంశం గుర్తు. అలాగని చలిజ్వరానికి మాచిపత్రి నూరుకుని తాగితే లాభం లేదు. అసలు సరుకు ఆ చైనా చుట్టం దగ్గరే ఉంది.

చింగ్‌హావ్ మొదటిసారి ఆశపెట్టింది, ఎలుకల నెత్తుటిలో పరాన్నజీవులు బాగా తగ్గాయి. రెండోసారి సగం కూడా తగ్గలేదు. ఇంకొకరైతే గీత కొట్టేసి తర్వాతి మూలికకు వెళ్లేవారు. మీరు మళ్లీ పుస్తకాల దగ్గరకు వెళ్లారు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ చెప్పిన పద్ధతి దగ్గర మీ వేలు ఆగింది. గుప్పెడు ఆకును నీళ్లలో నానేసి, పిండి, ఆ పసరు మొత్తం తాగించమన్నాడు ఆయన. కాచమనలేదు! మూలిక అనగానే పొయ్యి మీద పెట్టి కషాయం కాచడం చైనాకూ అలవాటే, మనకూ అలవాటే. ఆ వేడికే మందు చచ్చిపోతోంది. పదహారు వందల ఏళ్ల కిందటి ఆ మనిషి పొయ్యి ఊసే ఎత్తలేదు. అందరూ చదివిన వాక్యంలో లేనిదేమిటో మీరు చదివారు.

వేడి తక్కువ చాలే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరు 4. నమూనా సంఖ్య 191. ఎలుకల నెత్తుటిలో పరాన్నజీవి ఒక్కటీ మిగల్లేదు.

ఇక మనుషులకు సరిపడేంత మందు కావాలి. మందుల ఫ్యాక్టరీలు మూతబడి ఉన్నాయి. ఇళ్లల్లో నీళ్లు నిలవచేసుకునే పెద్ద తొట్లు తెచ్చారు, అందులో ఈథర్ పోశారు, ఆకు నానేశారు. గాలి ఆడని గదులు. ఆ ఆవిరికి తలలు తిరిగాయి, కళ్లు వాచాయి, మీ కాలేయం దెబ్బతింది. తొట్టి దగ్గర నుంచి మాత్రం ఎవరూ కదల్లేదు. మందులో విషగుణం ఉందేమోనన్న సందేహం వచ్చింది. రోగికి ఇచ్చే ముందు 1972 జులైలో మీరూ, ఇద్దరు సహచరులూ ఆసుపత్రిలో చేరి మీరే మింగారు. బతికి బయటికి వచ్చారు. ఆ తర్వాతే హైనాన్‌లో 21 మంది రోగులకు ఇచ్చారు. జ్వరం దిగింది. నెత్తురు తేటపడింది.

ఆ మందు, ఆర్టెమిసినిన్, చంపే తీరు చూడండి. దాని అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువులు చేయీ చేయీ పట్టుకుని ఉంటాయి. ఇనుము తగిలితే ఆ పట్టు తెగుతుంది. తెగిందంటే చుట్టుపక్కల దేన్నీ బతకనివ్వదు. అలా తగిలే ఇనుము ఎక్కడుంది? హిమోగ్లోబిన్ మింగి మింగి, ఆ శేషాన్ని ఒంట్లో పోగేసుకున్న మలేరియా జీవిలో ఉంది. లావెరాన్‌కు దారి చూపిన నలుపు, రాస్‌కు గుర్తు చెప్పిన నలుపు ఏ ఇనుముతో తయారైందో, ఆ ఇనుమే ఇక్కడ నిప్పు రాజేసింది. తిన్న నెత్తురే దాని ప్రాణం తీసింది. చలిజ్వరమా, నీ దొంగతనమే నీకు ఉరితాడు!

1977లో ఆ మందు సంగతి మొదటిసారి అచ్చులోకి వచ్చినప్పుడు వ్యాసం మీద ఎవరి పేరూ లేదు. ఆ కాలం తీరు అది, పని అందరిదీ, పేరు ఎవరిదీ కాదు. 2011లో లాస్కర్ పురస్కారం, 2015లో నోబెల్. డాక్టరేటు లేదు, విదేశీ చదువు లేదు, చైనా సైన్స్ అకాడమీలో సభ్యత్వం లేదు. 84 ఏళ్ల వయసులో స్టాక్‌హోం వేదిక మీదికి నడిచారు. ఆ పథకంలో వందల మంది పనిచేశారు. స్ఫటికాన్ని శుద్ధిచేసినవారు, అణువు రూపం గీసినవారు, అడవుల్లో రోగుల పక్కన రాత్రిళ్లు మేలుకున్నవారు. అమ్మా, మీకు జోత. తొట్ల చుట్టూ నిలబడిన అందరికీ జోత. మిమ్మల్ని గుర్తుపట్టని ఆ పసికందుకు, అన్నిటికంటే ముందు, జోత.

*

దాచకుండా ఒక మాట చెప్పాలి. ఈ మూడు కథలకూ మొదలు సైన్యమే. ఫ్రాన్స్‌కు అల్జీరియా కావాలి, ఇంగ్లండుకు ఇండియా కావాలి, యుద్ధానికి నిలబడగల సైనికులు కావాలి. రాజ్యాలు ప్రశ్న వేసింది పసిపిల్లల కోసం కాదు. కానీ జవాబు బారకాసుల్లో ఆగిపోలేదు. గూడేల్లోకి వెళ్లింది, వరి మడుల్లోకి వెళ్లింది, ఉయ్యాలల దగ్గరకు వెళ్లింది. ప్రశ్న ఎవరు అడిగినా జవాబు అందరిదీ అవుతుంది, అదే ఈ విద్య ఘనత. సామ్రాజ్యాలు పోయాయి. దోమ కడుపులోని ఆ కణం గురించిన నిజం మాత్రం ఏ జెండా కిందనైనా నిజమే.

గెలిచామని అనడానికి ఇంకా నోరు రాదు. ఏటా దాదాపు 6 లక్షల మంది ఈ జ్వరంతో పోతూనే ఉన్నారు. ఎక్కువ మంది ఆఫ్రికాలో. అందులోనూ ఎక్కువ మంది ఐదేళ్లు నిండని పిల్లలు. ఆర్టెమిసినిన్‌కు లొంగడం మానేస్తున్న పరాన్నజీవులు కంబోడియా వైపు తలెత్తాయి, ఆఫ్రికాలోనూ కనిపించాయి. శత్రువు చదువు మానలేదు, మనమూ మానకూడదు.

మానలేదు కూడా. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియాకు మొట్టమొదటి టీకాను పిల్లలకు వేయమని సిఫారసు చేసింది. దశాబ్దాల పాటు ఓడుతూ ఓడుతూ ముందుకు జరిగిన పని అది. ఆ టీకా తయారీని అందిపుచ్చుకోవడానికి ఒప్పందం చేసుకున్న సంస్థ హైదరాబాద్‌ భారత్ బయోటెక్. హుసేన్ ఖాన్ దోమలకు చేయి అప్పగించిన నేల నుంచి ఆ టీకాకు చేయూత వెళ్లడం చరిత్ర తీర్చుకుంటున్న బాకీ. 2023లో సిఫారసు అందుకున్న రెండో టీకా పుణేలో తయారవుతోంది. మొదటి టీకా మీద నమ్మకం కుదరడానికి ఏడు ఆఫ్రికా దేశాల్లో 15 వేల మందికి పైగా పసిపిల్లలు చేతులు చాపారు. హుసేన్ ఖాన్ వారసులు వాళ్లు. వాళ్లకూ, వాళ్లను ఎత్తుకొచ్చిన అమ్మలకూ జోత.

*

స్తోత్రం అన్నాక ఫలశ్రుతి ఉండాలి. చదివినవారికి పుణ్యం, విన్నవారికి మోక్షం అని చెప్పే స్తోత్రం కాదు ఇది. దీని ఫలం వేరు.

ఎవరి ఇంట్లో జ్వరం రాగానే అదే వచ్చింది అదే పోతుందిలే అనుకోకుండా, ఆ రోజే వేలి చివర నుంచి చుక్క నెత్తురు తీయించి చూపిస్తారో, ఆ ఇంట్లో లావెరాన్ పూజలందుకున్నట్టే. ఎవరి పెరట్లో కొబ్బరిచిప్పలోనూ, పాత టైరులోనూ, కూలరు అడుగునా నీరు నిలవదో, ఎవరు రాత్రి దోమతెర అంచును పరుపు కిందికి దోపి పడుకుంటారో, వాళ్లు రాస్ దొర బాకీ చెల్లించినట్టే. ఎవరు రెండో రోజే ఒళ్లు తేలికపడిందని మాత్రలు గూట్లో పారేయకుండా, చెప్పినన్ని రోజులూ చివరి మాత్ర దాకా మింగుతారో, వాళ్లు తూ యూయూ తొట్టి దగ్గర కాసేపు నిలబడినట్టే. సగంలో ఆపిన మందు శత్రువుకు పాఠం చెబుతుంది. పూర్తిగా మింగిన మందు పాఠం చెప్పడానికి ఎవరినీ మిగల్చదు.

పాడేరు కొండల్లో, అరకు గూడేల్లో, వాన వెలిసీ వెలియకముందే సంచిలో పరీక్ష కిట్లు పెట్టుకుని గడప గడపకూ ఎక్కి దిగే ఆశా కార్యకర్త ఉంది. ఆమె చేతిలో 1880 ఉంది, 1897 ఉంది, 1971 ఉంది. ఆమెకు స్టాక్‌హోం పిలుపు రాదు. ఆమె తలుపు తడితే మాత్రం విసుక్కోకుండా తీయండి, పిల్లల వేళ్లు చూపించండి.

పతకాలు పోత పోసేవాళ్లకూ ఒక మనవి. చలిజ్వరాన్ని ఆఖరిసారి ఓడించిన రోజున మీరు మళ్లీ ఒక పతకం పోస్తారు. అది ఆఫ్రికాలో ఏ ఊరి ప్రయోగశాలకు వెళ్లినా సంతోషమే. ఈసారి మాత్రం కాస్త వెడల్పుగా పోయండి. శాస్త్రవేత్త పేరు పక్కన, చేయి చాచినవాళ్ల పేర్లు కూడా పట్టాలి.